నీలం నాలుక

"పోర్టులో ఏదో సమస్య వచ్చిందమ్మా. మీరు వెంటనే రండి."

ఫోనులో ఆ మాట వినగానే నూకరత్నం చేతిలోని గరిటె జారి పప్పుగిన్నెలో పడింది. పోర్టు అంటే ఆమెకు ఒక్కటే, భర్త అప్పలరాజు క్రేను నడిపే విశాఖపట్నం రేవు. క్రేను అన్నాక కొక్కెం ఉంటుంది. కొక్కేనికి తాడు ఉంటుంది. తాడు అన్నాక ఏదో ఒకరోజు తెగుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ తాడు తెగడం కోసమే ఎదురుచూస్తున్నట్టు బతికింది ఆమె. క్రేను పైన కూర్చునేవాడి మీద కొక్కెం ఎలా పడుతుందని ఎన్నడూ ఆలోచించలేదు. ఫోను చేసిందెవరో అడగలేదు. పొయ్యి ఆర్పిందో లేదో గుర్తు లేదు. తలుపు దగ్గరగా వేసి, చెప్పులు లేకుండానే ఆటో ఎక్కేసింది.

దారి పొడుగునా ఆసుపత్రి, తెల్లదుప్పటి, ఏడ్చే ఆడబిడ్డ, అన్నీ కళ్ళముందు వరసగా కనిపించాయి. తీరా గేటు దగ్గర దిగి చూస్తే, రేకుల నీడన కేరేజీ విప్పుకుని అప్పలరాజు గోంగూర కలుపుకుంటున్నాడు.

"ఓసి నూకరత్నం! ఇలగొచ్చీసినావేటే? కూరలో ఉప్పు మర్సిపోనావని నీకెలగ తెలిసింది?"

"నీకేటీ అవ్వలేదా?"

"ఏటవ్వాల?"

పక్కన కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వారు. నూకరత్నం అక్కడే చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. "పోర్టులో సమస్యొచ్చింది, బేగి రమ్మని ఫోన్ సేసినారయ్యా. నా గుండె నా కాడ లేదు."

అప్పలరాజు ఎడం చేత్తో ఆమె ఫోను తీసుకుని నంబరు చూశాడు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. కలిపిన ముద్ద అలాగే వదిలేశాడు.

"ఇది మన పోర్టు కాదే. పిల్ల పోర్టు."

* * *

పిల్ల పేరు ఝాన్సీ. డిగ్రీలో చేరిన ఏడాది మెదడువాపు జ్వరం వచ్చి, ప్రాణం వదిలిపెట్టి మాట పట్టుకుపోయింది. నడవగలదు, నెమ్మదిగా. చేతులు వణుకుతాయి కాబట్టి రాయలేదు, ఫోను నొక్కలేదు. వింటుంది, నవ్వుతుంది, కోపగించుకుంటుంది. నాలుక మాత్రం కదలదు.

ఒకప్పుడు గాజువాక సందులో ఆ పిల్ల గొంతు వినపడని ఇల్లు లేదు. తల్లిని ఏడిపించడం ఆమెకు సరదా. బయటికి వెళ్ళేటప్పుడు ఎవరైనా "ఎల్లొస్తాను" అనాలని, "ఎల్తాను" అని ఊరుకుంటే కీడని నూకరత్నం నమ్మకం. ఇంటికొచ్చిన గ్యాసు కుర్రాడి చేత కూడా ఆ మాట అనిపించేది. ఝాన్సీ కావాలనే గుమ్మం దాటి, వీధిలో నిలబడి, "ఎల్పోతన్నానే అమ్మా!" అని అరిచేది. "నీ నోరు పడా! ఎల్లొస్తాననే!" అని తల్లి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చేలోగా పిల్ల మలుపు తిరిగిపోయేది. నోరు పడా అన్నందుకే నోరు పడిపోయిందని ఇప్పుడు నూకరత్నం భయం. ఎవరికీ చెప్పలేదు.

ఋషికొండ మీద డాక్టరు వసుంధర ప్రయోగశాల పెట్టింది. మాట పోయినవాళ్ళ మెదడులోకి వెంట్రుక కంటే సన్నని తీగలు పంపి, వాటి కొసలన్నీ చెవి వెనక గోరంత పోర్టులోకి తెస్తుంది. ఆ పోర్టుకి తీగ తగిలించి, రెండో కొస కంప్యూటరుకి పెడితే, మనిషి మనసులో అనుకున్న మాట స్పీకరులో వినిపిస్తుంది. మొట్టమొదట ఒప్పుకున్న కొద్దిమందిలో ఝాన్సీ ఒకతె. తల్లి ఒప్పుకోలేదు. పిల్లే తల్లి చేయి పట్టుకుని కాగితం దగ్గరికి లాక్కెళ్ళింది.

తీగ పెట్టిన రోజు స్పీకరులోంచి "అ… మ్మ… ఆ… కలి" అని వచ్చింది. పిండిరుబ్బినంత నెమ్మది. అయినా అది తన పిల్ల మాటే. ఆకలేసినప్పుడు ఆ ముక్క తప్ప మరొకటి అనేది కాదు. నూకరత్నం ఆ రోజు సంచిలో తెచ్చిన అరిసెలన్నీ ప్రయోగశాలలో పంచిపెట్టింది.

* * *

మొగుడూ పెళ్ళాలు ఋషికొండ చేరేసరికి ఝాన్సీ కుర్చీలో కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. ఏమీ కాలేదు. నూకరత్నం పిల్ల తల, మెడ, చేతులు తడిమి చూసి అప్పుడు ఊపిరి పీల్చింది.

"కంగారేం లేదమ్మా" అన్నాడు ఇంజనీరు ఫణీంద్ర. "చిన్న విషయం."

"సిన్న ఇసయానికి బేగి రమ్మంటారా బాబూ? దార్లో నేను సచ్చిపోతే పెద్ద ఇసయం అయిపోను."

ఫణీంద్ర నవ్వి, ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. తెరమీద చెట్టు కొమ్మల్లా గీతలు, గీతల చివర పేర్లు ఉన్నాయి. "దీనికి ఏ పరికరం తగిలించినా ఇక్కడ పేరొస్తుంది. ఇది కీబోర్డు. ఇది మౌసు. ఇదిగో మీ అమ్మాయి."

"మౌసు కింద మా పిల్ల పేరేటి బాబూ?"

"కంప్యూటరుకి అందరూ ఒకటేనమ్మా."

"మాకు కాదు గదా."

అతను కంప్యూటరును ఇటు తిప్పి, పక్కనున్న చిన్న చిన్న నోళ్ళు చూపించాడు. ఒక్కో నోట్లో ఒక్కో పలకముక్క, నాలుకలాగా. "నల్ల నాలుక ఉంటే రెండో వెర్షను పోర్టు. నీలం నాలుక ఉంటే మూడోది. మూడోది బాగా వేగం. మీ అమ్మాయి చెవి వెనక పెట్టింది కూడా మూడో వెర్షనే. ఇన్నాళ్ళూ తనకి నల్లదాంట్లో పెట్టాం, ఇప్పుడు నీలం నాలుక దాంట్లోనే తీగ పెడుతున్నాను. అయినా చూడండి, పేరు పక్కన రెండో వెర్షన్ అనే వస్తోంది. రంగుని బట్టి పోర్టుకి ఏం చేతనవునో తెలుస్తుంది. నిజంగా ఎంతలో కలిసిందో తెరమీదే చూడాలి. తీగ మార్చాను, కంప్యూటరు మార్చాను. ఈ ప్రయోగంలోనే ఉన్న భానోజీ మాస్టారికి ఇదే తీగ పెడితే మూడో వెర్షనే వచ్చింది. అంటే తేడా మీ అమ్మాయి వైపే ఉంది."

 ఫణీంద్ర భూతద్దం తీసి ఝాన్సీ చెవి వెనక చూశాడు. చూస్తూ చూస్తూ కనుబొమలు ముడిచాడు.

"ముందు వరసలో నాలుగు లోహపు ముళ్ళు బాగానే ఉన్నాయి. పాత వెర్షనుకి అవి చాలు. వెనక వరస మొత్తం నల్లగా పూడిపోయింది. ఇదేంటమ్మా, మసి పట్టింది?"

నూకరత్నం తల వంచుకుంది. "మసి కాదు బాబూ. కాటుక."

ఫణీంద్ర భూతద్దం దించాడు.

"దిష్టిసుక్క" అంది ఆమె ఇంకా చిన్న గొంతుతో. "అరికాల్లో ఎడితే అరిగిపోతంది. బుగ్గ మీద ఎడితే ఒద్దంటది. ఈది ఈదంతా దాని సెవెనకే సూత్తంది గదా. ఎక్కడ సూత్తే అక్కడే గదా దిష్టి. అందుకని అందులోనే…"

అప్పుడే లోపలికొచ్చిన డాక్టరు వసుంధర ఆ మాటలన్నీ విన్నది. "అది మెదడుకి దారమ్మా! అందులో ఆముదం మసి నింపుతారా మీరు?"

"సుబ్బరంగా పట్టిన కాటుకేనండి మేడంగారు. కంచుగిన్నె బోర్లించి…"

అప్పలరాజు పెళ్ళాం మోచేతిని గిల్లాడు. ఝాన్సీ భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తోందేమోనని తల్లి ఉలిక్కిపడి చూస్తే, పిల్ల చప్పుడు లేకుండా విరగబడి నవ్వుతోంది.

డాక్టరమ్మ స్పిరిట్లో ముంచిన దూదితో పోర్టు శుభ్రం చేసింది. నల్లటి దూదిపుల్లలు పళ్ళెంలో పడ్డాయి. ఫణీంద్ర తీగ తగిలించాడు. కంప్యూటరు టింగ్ మంది. తెరమీద పేరు పక్కన అంకె మారింది.

"అమ్మా, మీరు భయపడకండి." గలగలా, తడబాటు లేకుండా, రేడియోలో మాట్లాడేవాళ్ళ గొంతులా వచ్చింది స్పీకరులోంచి. "ఇప్పుడు నాకు చాలా హాయిగా ఉంది. డాక్టరుగారికి నా కృతజ్ఞతలు."

అప్పలరాజు రెండు చేతులూ జోడించి డాక్టరమ్మకు దండం పెట్టాడు. నూకరత్నం బావురుమని ఏడ్చింది. ఆ ఏడుపంతా సంతోషమే. కానీ "భయపడకండి" అన్న మాటలో చివరి రెండక్షరాలు చేపముల్లులాగా గొంతులో ఎక్కడో గుచ్చుకున్నాయి. తల్లిని మీరు అనడం ఈ పిల్ల ఎప్పుడు నేర్చుకుంది?

* * *

ఇంటికి ఒక చిన్న కంప్యూటరు ఇచ్చి పంపారు. దానికీ నీలం నాలుకే.

వీధిలో అందరూ వచ్చి చూసిపోయారు. అప్పలరాజుకి గర్వం ఆగలేదు. "కలెక్టరమ్మలాగ మాటాడతంది సూసినావా?" అని వచ్చినవాడికల్లా చెప్పాడు. ఝాన్సీ అందరినీ పేరుపేరునా పలకరించింది. ఎదురింటి ఆవిడను ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమంది. ఆ ఎదురింటి ఆవిడకీ ఝాన్సీకీ కొళాయి దగ్గర జరిగిన గొడవ ఇంకా ఎవరూ మరిచిపోలేదు. మంచం మీద కూర్చున్న ఝాన్సీ తనవి కాని ఆ తియ్యటి మాటలను తానే విస్తుపోయి వింటున్నట్టు ఉంది.

మర్నాడు పొద్దున నూకరత్నం ఉప్మా చేసింది. ఝాన్సీకి ఉప్మా అంటే చిన్నప్పటి నుంచి పగ. ఒకసారి కంచంతో సహా పెరట్లోకి విసిరేసింది.

"అమ్మా, మీరు చేసిన ఉప్మా చాలా రుచిగా ఉంది" అంది కంప్యూటరు.

నూకరత్నం పిల్ల మొహం చూసింది. పిల్ల ముక్కు చిట్లించుకుని ఉంది.

ప్రయోగశాల వ్యాను వచ్చి హారన్ కొట్టింది. ఝాన్సీ గుమ్మం దగ్గర ఆగింది.

"వెళ్ళొస్తానమ్మా."

ఇన్నేళ్ళూ ఏ మాట కోసం గరిటె పట్టుకుని వీధిలోకి పరిగెత్తిందో, ఏ మాట కోసం బతిమాలిందో, తిట్టిందో, ఒట్లు పెట్టించిందో, ఆ మాట ఇంత చక్కగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా వినిపించేసరికి నూకరత్నం ఉన్నచోటే నిలబడిపోయింది. నా పిల్ల ఈ మాట అనదు. నా పిల్ల చచ్చినా ఈ మాట అనదు.

పరిగెత్తి వెళ్ళి పిల్ల చెవి వెనక నుంచి తీగ లాగేసింది. కంప్యూటరు టుంగ్ మని ఊరుకుంది. పిల్ల మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నిజం సెప్పు. ఆ మాట నువ్వేనా అన్నది?"

 ఝాన్సీ వణుకుతున్న చెయ్యి ఎత్తి గుండె మీద పెట్టుకుంది. అక్కణ్ణుంచి తీసి కంప్యూటరు మీద పెట్టింది. మళ్ళీ గుండె. మళ్ళీ కంప్యూటరు. అలా అటూ ఇటూ, అటూ ఇటూ తిప్పి, చివరికి ఏది ఎక్కడుందో తెలియనట్టు చెయ్యి గాల్లోనే వదిలేసింది. కళ్ళ నిండా నీళ్ళు.

* * *

ప్రయోగశాల కాంటీనులో భానోజీ మాస్టారి భార్య పార్వతీశ్వరి టీ తాగకుండా చల్లారబెట్టుకుంటోంది. మాస్టారు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఈలకి బడి గోడలు అదిరేవట.

"మా ఆయన పొద్దున నన్ను క్షమించమన్నారమ్మా" అంది పార్వతీశ్వరి.

"దేనికి?"

"అదే నాకూ తెలీదు. పెళ్ళయ్యాక ఆ మాట ఎప్పుడన్నారు గనక? కొత్తలో మురిసిపోయాను. ఇప్పుడు రోజూ అంటున్నారు. కోపం లేదు, విసుగు లేదు, కాఫీలో పంచదార ఎక్కువైందని గోల లేదు. ఎవరితోనో కాపురం చేస్తున్నట్టుంది."

"తీగ తీసీసి అడిగినారా?"

"తీసేసినా ఇప్పుడు తేడా లేదమ్మా. తలూపి ఊరుకుంటారు. పిల్లకి మొదలై ఎన్నాళ్ళయింది?"

నూకరత్నం లేచి తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. ఫణీంద్ర అక్కడే ఉన్నాడు.

"మా పిల్లని పాతదాన్లోకి మార్సీయండి మేడంగారు. నల్ల నాలుక దాన్లోకి."

డాక్టరు వసుంధర చెడ్డ మనిషి కాదు. ఆవిడ తండ్రికి పక్షవాతం వచ్చి, ఏదో చెప్పాలని తన్నుకుని చెప్పలేకే పోయాడని ప్రయోగశాలలో అందరికీ తెలుసు. ఆ చెప్పలేని మాట కోసమే ఆవిడ ఇదంతా మొదలుపెట్టింది. కూర్చోమని కుర్చీ చూపించింది.

"అమ్మా, ఝాన్సీ ఒక మాట కోసం తడుముకుంటున్నప్పుడు యంత్రం ఆ మాట అందిస్తుంది. అంతే. మీరు చంటిపిల్లకి మాటలు నేర్పలేదా?"

"నేర్పినాను. అది తిరగబడి నన్నే తిట్టింది. అదీ నేర్పడం అంటే." నూకరత్నం ఫణీంద్ర వైపు తిరిగింది. "బాబూ, పాతదాన్లో అందించేది కాదా?"

ఫణీంద్ర డాక్టరమ్మ వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు. "రెండో వెర్షనులో దారి ఒకటేనమ్మా. అమ్మాయి మాట వస్తున్నంతసేపూ యంత్రం ఆగాలి. మూడోదాంట్లో పోయేదారి వేరు, వచ్చేదారి వేరు. తను అనుకుంటూ ఉండగానే అది అందిస్తూ ఉంటుంది."

"అంటే నా పిల్ల నోరు తెరిసీలోగానే ఇంకొకడు దాని నోట్లో మాటెట్టీస్తన్నాడు."

"మాట తొందరగా వస్తుంది కదా!" డాక్టరమ్మ గొంతు పెరిగింది. "ఒక్కో అక్షరం పట్టిపట్టి చెబుతూ ఉంటే ఎవరు వింటారమ్మా ఈ పిల్లని? ఉద్యోగంలో వింటారా? అత్తింట్లో వింటారా? లోకం ఎవరికోసమూ ఆగదు."

"నేనింటాను. లోకం ఆగనంటే ఎల్లిపోమనండి."

డాక్టరు వసుంధర కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. రేపు పెద్ద కమిటీ వస్తోందని చెప్పింది. వాళ్ళు ఒప్పుకుంటే దేశమంతా వేలమందికి మాట వస్తుంది. వాళ్ళకి చూపించాల్సింది మూడో వెర్షనే. దానికి ఒప్పుకోనివాళ్ళని ప్రయోగంలోంచి తీసేయక తప్పదు. తీసేస్తే ఆ పోర్టును ఇక ఏ కంప్యూటరూ గుర్తుపట్టకుండా ఇక్కణ్ణుంచే ఆపేస్తారు.

"అంటే మళ్ళీ మాట పోద్దా?" నూకరత్నం బల్ల అంచు పట్టుకుంది.

"పూర్తిగా. నిర్ణయం మీది."

* * *

ఆ సాయంత్రం అప్పలరాజు వీధి అరుగు మీద కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాడు.

"మాటే లేకపోడం కంటే ఏదో ఒక మాట ఉండడం మేలు గదే" అన్నాడు చివరికి.

"ఎవుడి మాట?"

"ఏమో. నాకేటి తెల్సు? నాన్నా అని పిలిత్తంది. నాకది సాలు."

నూకరత్నానికి కోపం రాలేదు. అదే ఆశ ఆమెకూ ఉంది. అందుకే భయం. కమిటీవాళ్ళ ముందు గొడవ పెడితే పిల్ల నోరు శాశ్వతంగా మూసుకుపోతుంది. పెట్టకపోతే భానోజీ మాస్టారిలాగా తలూపే బొమ్మ అయిపోతుంది. ఎటు చూసినా నుయ్యే కనిపించింది. లోపల మంచం మీద ఝాన్సీ తీగ లేకుండా పడుకుని ఉంది. తల్లి వెళ్ళి పక్కన కూర్చుంది.

"గుంటా, నాకేటీ తోసట్లేదు. నేను పిరికిదాన్నని నీకు తెల్సు. నువ్వే సెప్పు. రేపు సెవెనక సుక్కెట్టీనా? ఎడితే నీ నెమ్మది మాట నీకొస్తది, కానీ ఆళ్ళు ఆపీస్తే మరింక ఏ మాటా రాపోవచ్చు."

ఝాన్సీ కళ్ళు మూసుకుంది. తరవాత తల్లి బొటనవేలు పట్టుకుని, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది. వదల్లేదు.

నూకరత్నం లేచి ఆముదం దీపం వెలిగించి, కంచుగిన్నె బోర్లించింది.

* * *

కాటుక డబ్బాని గేటు దగ్గరే లాక్కున్నారు.

"మేడంగారు ముందే చెప్పారమ్మా" అన్నాడు సెక్యూరిటీ అతను, తప్పు చేసినట్టు మొహం పెట్టి. సంచీ అంతా వెతికాడు. కొంగు ముడి విప్పించాడు. నూకరత్నం బతిమాలింది, శాపనార్థాలు పెట్టింది, మళ్ళీ బతిమాలింది. ఏమీ లాభం లేకపోయింది. హాల్లోకి వచ్చేసరికి ఆమె కళ్ళు ధారలు కడుతున్నాయి.

వేదిక మీద ఝాన్సీ, పక్కన భానోజీ మాస్టారు కూర్చున్నారు. తీగ పట్టుకోవడానికి ఝాన్సీ దగ్గర తల్లినీ, మాస్టారి దగ్గర పార్వతీశ్వరినీ కూర్చోనిచ్చారు. వెనక పెద్ద తెరమీద కొమ్మలూ పేర్లూ కనిపిస్తున్నాయి. ముందు వరసలో కమిటీ. వెనకెక్కడో అప్పలరాజు, పెళ్ళికి వేసుకునే తెల్లచొక్కాలో.

"ఎలా ఉన్నావమ్మా?" అని అడిగాడు కమిటీలోని పెద్దాయన.

"నమస్కారమండి. ఈ ప్రయోగం నా జీవితాన్నే మార్చేసింది. ఒకప్పుడు నా కుటుంబానికి భారంగా ఉండేదాన్ని…"

నూకరత్నం చివాలున తలెత్తింది. భారమా? ఎవరికి? ఎవరన్నారు?

"…ఈ రోజు నా భావాలను స్వేచ్ఛగా చెప్పగలుగుతున్నాను. మా అమ్మగారికీ, నాన్నగారికీ…"

మాట సాగిపోతూనే ఉంది. ఝాన్సీ చెయ్యి మాత్రం కుర్చీ మీంచి లేచింది. వణుకుతూ, ఆగుతూ, పడిపోతూ మళ్ళీ లేస్తూ చెవి దాకా వెళ్ళింది. తీగ పట్టుకుని లాగింది.

టుంగ్.

 తెరమీంచి ఆమె పేరు మాయమైంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

ఝాన్సీ తల్లివైపు తిరిగింది. వేలు చాపి తల్లి కంటి కింద పెట్టింది. ఏడ్చి ఏడ్చి కరిగి, చెంపల దాకా జారిన కాటుక అది. రాత్రి దీపం మీద పట్టి, పొద్దున డబ్బాలోకి తీయకముందే అలవాటుగా తన కళ్ళకు దిద్దుకున్న కాటుక. ఆ సంగతి గేటు దగ్గర మనిషికీ తోచలేదు, ఆమెకీ తోచలేదు. పిల్లను ఎత్తుకున్న రోజుల్లో తన కంటిలోంచే వేలితో తీసి దాని అరికాలికి పెట్టేది. ఇప్పుడు పిల్ల వేలే తల్లి కన్ను తుడిచింది. నల్లబడిన ఆ వేలు మెల్లగా వెనక్కి వెళ్ళి, చెవి వెనక, ఆ గోరంత నోట్లోకి దిగింది.

"ఆపండి! ఆమెని ఆపండి!" డాక్టరమ్మ వేదిక మీదికి వచ్చేసింది.

నూకరత్నం అడ్డంగా నిలబడింది.  

"ముట్టుకోకండి మేడంగారు. ఈపాలి నేనెట్టలేదు. అదే ఎట్టుకుంది."

అని, తీగ ఎత్తి తానే పిల్ల చెవి వెనక తగిలించింది.

టింగ్. తెరమీద ఝాన్సీ పేరు మళ్ళీ మొలిచింది. పక్కన రెండో వెర్షన్ అని ఉంది.

అందరూ ఎదురుచూశారు. కమిటీ పెద్దాయన ఫణీంద్ర వైపు వంగి అడిగాడు. "ఏమైందండీ? పోర్టులో ఏమైనా సమస్యా?"

ఫణీంద్ర తెరవైపు చూశాడు. డాక్టరమ్మ వైపు చూశాడు. "లేదండి" అన్నాడు. "పోర్టు బాగుంది."

స్పీకరు గరగరలాడింది.

"ఉ… ప్మా… నా… కు… ఇట్టం… లేదు."

ఎవరికీ అర్థం కాలేదు. వెనక వరసలో అప్పలరాజు ఒక్కడే పెద్దగా నవ్వి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు.

"ఇంత… సేపూ… మాటా… డింది… నేను… కాదు. నేను… బారం… కాదు. నెమ్మ… దిగా… సెప్తా. ఇంటే… ఇనండి."

పక్క కుర్చీలో కదలిక. భానోజీ మాస్టారు తన చెవి వెనక తీగను చేత్తో తడుముకుంటున్నాడు. "నేను చాలా సంతోషంగా ఉన్నాను, క్షమించండి" అంటోంది ఆయన స్పీకరు. ఆయన తీగ ఊడబెరికి నేలకేసి కొట్టాడు. బడి గోడలు అదరగొట్టిన మనిషి, చంటిపిల్లాడిలా తల పక్కకి వంచి నూకరత్నం ముందు పెట్టాడు. పార్వతీశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పెట్టండమ్మా, పెట్టండి" అంది. నూకరత్నం తన రెండో కన్ను తుడుచుకుని, ఆ వేలు ఆయన చెవి వెనక అద్దింది.

డాక్టరు వసుంధర కంప్యూటరు దగ్గరికి నడిచింది. ఆవిడ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ప్రయోగంలోంచి మనిషిని తీసేసే మీట మీద వేలు పెట్టింది.

"మీ అమ్మకి ముందే చెప్పాను కదమ్మా" అంది ఝాన్సీతో. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టే ఉంది. "ఇది నొక్కితే నీకు మళ్ళీ మాట ఉండదు. ఇంకా ఏమైనా చెప్పాలనుంటే, ఆఖరి మాట ఇప్పుడే చెప్పెయ్."

నూకరత్నం పిల్ల భుజం పట్టుకుంది. ఆఖరి మాట. కమిటీకి చెప్పాలి. లోకానికి చెప్పాలి. మీట నొక్కొద్దని బతిమాలాలి. చెప్పు తల్లీ, ఏదో ఒకటి చెప్పు.

ఝాన్సీ కమిటీ వైపు చూడలేదు. డాక్టరమ్మ వైపూ చూడలేదు. తల్లి మొహం వైపే చూసింది. కాటుక చెదిరి, ముక్కు కారుతూ, ప్రపంచంలోని కీడంతా ఒకేసారి ఎదురొచ్చినట్టున్న ఆ మొహాన్ని చూసి ఆమె కళ్ళు కొంటెగా మెరిశాయి. గాజువాక వీధి మలుపులో మెరిసినట్టే.

"ఎల్… పో… తన్నా… నే… అమ్మా."

నూకరత్నం చెయ్యి అలవాటు కొద్దీ గరిటె కోసం లేచింది. నోరు తెరుచుకుంది. ఇన్నేళ్ళుగా దిద్దుతూ వచ్చిన ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఆమె పిల్ల తల గుండెకి అదుముకుంది.

"ఎల్లు తల్లీ" అంది హాలంతా వినిపించేలా. "నీ ఇట్టం వచ్చినట్టు ఎల్లు. ఈ ముక్క నువ్వే అన్నావు. నాకది సాలు."

డాక్టరమ్మ వేలు మీట మీద అలాగే ఉండిపోయింది. నొక్కలేదు, తియ్యలేదు. ఆవిడ వింటోంది.